తావ్‌హ్వే బండి కేక

కావోష్యుంగ్ రేవుపట్నం ఎగుమతుల వాడలో పంతొమ్మిదేళ్లు సర్క్యూట్ బోర్డులు తనిఖీ చేసిన సియూయిన్‌కు ఇస్త్రీపెట్టె చూస్తే బట్టలు గుర్తుకు రావు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె ఇంట్లోనే బోర్డులు చేసేది. నునుపు కాగితం మీద లేజర్ ప్రింటరులో గీతలు అచ్చు వేయించి, రాగి పలక మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో అదిమితే, నల్లపొడి కరిగి రాగికి అంటుకుంటుంది. కాగితం నానబెట్టి వలిచి, పలకను మందునీళ్లలో వేస్తే గీతల కింది రాగి మాత్రం మిగులుతుంది. ఆ మందు మరక పడని చొక్కా ఆమెకు ఒక్కటీ లేదు. వీధిలో ఎవరి తలుపుగంట మోగకపోయినా ఆమె గడపే తొక్కేవారు. ఆ రోజులంటే ఆమెకు ప్రాణం.

అప్పుడే, పదిహేనేళ్ల కిందట, బుంకీ బండికి మీట నొక్కితే పలికే కేక అమర్చింది. బుంకీ తావ్‌హ్వే అమ్ముతాడు. జున్నులా వణికే సోయా పాలు, పైన అల్లం పాకం. అతని గొంతును తన వంటింట్లోనే చిప్పులో పట్టింది. ఎన్నిసార్లు పట్టినా కేక చివర నవ్వేసేవాడు. విసుగొచ్చి నవ్వుతో సహా ఉంచేసింది.

ఈ వసంతంలో గొంతు ఆపరేషన్‌తో బుంకీకి మాట పోయింది. నెల తిరక్కుండా బండీ మూగబోయింది. భార్య అకిమ్ పాత బోర్డు పట్టుకొచ్చింది. వెనకాలే బుంకీ.

"పాకం కారి బోర్డును తినేసింది అక్కా. కొత్తది కొంటే ఎవరిదో గొంతొస్తుందట. ఈయన గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు."

"దీనికి పదిహేనేళ్లు పాకం పోశాడా? నాకు మాత్రం ఏనాడూ గిన్నె నిండా పోయలేదు మీ ఆయన."

బుంకీ చప్పుడు లేకుండా నవ్వాడు.

చిప్పు ఊడదీస్తే కాళ్లు తుప్పు పట్టి దారాల్లా ఉన్నాయి. వంచితే విరుగుతాయి. సియూయిన్ దగ్గర మిగిలింది ఒక్కటే రాగి పలక. ఒకప్పుడు ఆ పలకలు దొరికిన స్టేషన్ పక్క కొట్టులో ఇప్పుడు ఫోన్ తొడుగులు అమ్ముతున్నారు. అయినా గీసింది, ఇస్త్రీ చేసింది, పాత అన్నం డబ్బాలో మందు కలిపి ముంచింది. గీతలు ముచ్చటగా తేలాయి. రంధ్రాలు వేసి చిప్పు పెట్టి చూసింది. కుడివైపు గీతలు ఎడమకొచ్చాయి.

పంతొమ్మిదేళ్లు బోర్డును రాగివైపు నుంచే చూసిన కళ్లు. అలాగే గీసింది. కాగితం బోర్లిస్తే తారుమారవుతుందని, తిప్పి అచ్చు వేయించాలని మరిచింది. ఫ్యాక్టరీ వరసలో కూర్చున్న రోజుల్లో ఇలాంటిది దొరికితే పనికిరాదని ఎర్రబిళ్ల అంటించి పక్కన పడేసేది. ఇంత చేయి తిరిగినదాన్ని, నాకేం పొయ్యేకాలం అని తనను తానే తిట్టుకుంది.

టీ తాగి మళ్లీ చేతిలోకి తీసుకుంది. బోర్డు తిరగబడితే చిప్పును కూడా అవతలివైపు పెడితే సరిపోతుంది కదా. రాగివైపే పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో కాలూ అతికించింది. ఏదీ విరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బండికి బిగించింది. అకిమ్ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. బుంకీ మీట నొక్కాడు.

"తావ్‌హ్వే... వేడి తావ్‌హ్వే..." చివర ఆ నవ్వు.

"మెల్లిగా అరవరాదూ, చెవులు పగిలిపోతున్నాయి," అంది అకిమ్, వెనక్కి తిరక్కుండానే. ఏళ్ల తరబడి రోజూ మొగుణ్ణి అనే మాటే.

అన్నాక ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. బుంకీ మళ్లీ మీట నొక్కాడు.