నిలబడని టేబులు

మెషీన్ షాపుల్లో ఆమెని అందరూ పాదరసం అనేవాళ్ళు. ముప్పై నలభై ఏళ్ళ నాటి, లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్లకి పాత కంట్రోలు పీకేసి కొత్త కంప్యూటర్ కంట్రోలు పెట్టడం ఆమె పని. ఒకచోట మూడు వారాలు, ఇంకోచోట నెల. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే వేళ్ళు బల్ల మీద దరువేస్తూనే ఉండేవి. ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చునే భర్త, "నువ్వు కూర్చుంటే కుర్చీకే కంగారు పుడుతుంది" అనేవాడు.

చురుకు పుట్టుకతో వచ్చిందే. కంగారు మాత్రం రెండేళ్ళ కిందట పట్టుకుంది. ఒక షాపులో పని ముగించి వచ్చిన నెలకి అక్కడి ఆపరేటర్ భార్య ఫోను చేసింది. "ఇక అన్నీ మెషీనే చూసుకుంటుందని మా ఆయన్ని మానిపించేశారమ్మా. నిన్ను తిట్టడానికి చెయ్యలేదు. ఇన్నాళ్ళూ ఆయన చేసింది అంత తేలికైన పనేనా అని అడుగుదామని." అప్పటినుంచి పాదరసం ఏ షాపుకెళ్ళినా ఆపరేటర్ ముఖంలోకి చూడలేక తల తిప్పుకునేది.

ఈసారి వెళ్ళిన షాపులో ఆపరేటర్‌ని పెద్దాయన అంటారు. ఆ ఒక్క మెషీన్ మీదే ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఆమె పాత పెట్టె తలుపు తెరిచి, కాగితం టేపు చదివే యూనిట్‌నీ మోపెడు వైర్లనీ బయటికి లాగుతుంటే, ఆయన స్టూలు మీద కూర్చుని ఒకే స్పానర్‌ని పదేపదే తుడుస్తూ చూశాడు. సాయానికి రాలేదు, అడ్డమూ రాలేదు.

పదిహేనో రోజు స్విచ్ వేసింది. కొయ్యాల్సిన ముక్కని బిగించే టేబులు కదిలింది. ఆగమంటే మాత్రం ఆగలేదు. ఆగినట్టే ఆగి, సన్నగా మూలుగుతూ, వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతూనే ఉంది. మోటారు దూకుడు తగ్గిస్తే వణుకు పోయింది గానీ, గుండ్రంగా కొయ్యమంటే కోడిగుడ్డులా కోసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వైర్లు మార్చింది, ఎర్తింగు చూసింది, బోల్టులన్నీ మళ్ళీ బిగించింది. మూడు రోజులు కాలుకాలిన పిల్లిలా మెషీన్ చుట్టూ తిరిగింది. యజమాని గంటకోసారి తొంగిచూసి, "ఏమ్మా, ఎంతవరకొచ్చింది? సోమవారం పని మొదలెట్టాలి" అనేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక, ఆమె టేబులు తుడుస్తూ ఆగిపోయింది. మధ్యలో అన్నీ పాత గీతలు. ముక్కల్ని బిగించిన తాజా గుర్తులు ఎడమ చివర ఉన్నాయి. మధ్యలో అంత చోటుండగా చివర ఎవరైనా బిగిస్తారా?

పెద్దాయన స్టూలు మీదే ఉన్నాడు. "పెద్దాయనా, కచ్చితంగా రావలసిన ముక్కని మీరు చివర్నే పెట్టేవారా?"

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "కంప్యూటర్ చెప్పలేదా?"

"దానికి తెలిస్తే కదా! నాకూ తెలీదు. మీరు చెప్పకపోయినా తప్పనను." అంటూనే ఆ ఫోను సంగతి, ఎవరికీ చెప్పనిది, గబగబా చెప్పేసింది.

ఆయన స్పానర్ పక్కన పెట్టాడు. "అందుకా నా ముఖం చూడవు? పొగరనుకున్నాను" అని లేచొచ్చాడు. "మొదట్లో ఏళ్ళ తరబడి పనులన్నీ మధ్యలోనే చేశామమ్మా, అక్కడ టేబుల్ని జరిపే స్క్రూ అరిగింది. వెనక్కి తిప్పితే కాస్త ఊరికే తిరిగి, ఆ తర్వాతే టేబుల్ని లాగుతుంది. చివర్న ఆ పేచీ లేదు. మధ్యలో పెట్టక తప్పకపోతే ఎప్పుడూ ఒకే వైపునుంచి వచ్చి కోసేవాణ్ణి."

"ఎక్కడా రాసిపెట్టలేదా?"

"ఎవరడిగారు?"

ఆమెకి చిక్కుముడి విడిపోయింది. కొత్త కంట్రోలు టేబులు కదలికని చూసి మోటారుని తిప్పుతోంది. అరిగిన చోట టేబులు వెంటనే కదలదు, కదిలేసరికి మోటారు దాటిపోయి ఉంటుంది, మళ్ళీ వెనక్కి. అదీ ఆ ఊగిసలాట. మోటారు తిరిగినదాన్నే నమ్ముకోమని కంట్రోలుకి చెప్పి, అరుగుదల లెక్క విడిగా ఇవ్వాలి, అదీ జానెడు జానెడుకీ వేరుగా. రెండు మధ్యాహ్నాలు ఆయన వెంట్రుకవాసి తేడానీ చూపే డయల్ గేజ్ పెట్టి చదివాడు, ఆమె టైపు చేసింది. ఆదివారం సాయంత్రానికి గుండ్రం గుండ్రంగా వచ్చింది. ఆయన అంచు వెంబడి వేలు తిప్పి, "ఫర్వాలేదు" అన్నాడు.

యజమాని పొంగిపోయాడు. "అయితే ఇక దీన్ని ఎవరైనా నడపచ్చన్నమాట!"

"నడపలేరండీ." ఆమె గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఈయన లేకపోతే నాకే చేతకాలేదు. స్క్రూ ఇంకా అరుగుతుంది, ఆ లెక్కలు మారుస్తూ ఉండాలి. మార్చడం ఈయనకి నేర్పాను."

"సరే, చూద్దాంలెండి" అన్నాడు యజమాని.

ఆ 'చూద్దాం' ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చిందన్నమాటే గానీ కుదురు లేదు. రెండ్రోజులకోసారి షాపుకి ఫోను చేసి టేబులు ఎలా ఉందని అడిగేది. ప్రతిసారీ ముందు ఎత్తింది పెద్దాయనేనా అని చూసుకునేది.

నెల దాటాక ఒకరోజు పెద్దాయన విసుక్కున్నాడు. "టేబులు బాగుంది, కంప్యూటర్ బాగుంది, నేనూ బాగున్నాను. అన్నట్టు టేబులు మధ్య చోటికిచ్చిన అరుగుదల లెక్క ఒకటి నేనే మార్చాను. నిన్నడగలేదు."

"ఎంత మార్చారు?"

"రెండు మైక్రాన్లు."

"ఎందుకూ! అక్కడ నేను సరిగ్గానే ఇచ్చాను కదా!"

పావుగంట వాదించుకున్నారు. చివరికి ఆయన మాటే నెగ్గింది.