ఆరిన తర్వాతే అత్తరు

నా చిన్నప్పుడు మగవాళ్లు అత్తరును చేతికి రాసుకుని చూసి కొనేవాళ్లు. ఇప్పుడు మా మనవడు మాల్‌లో కాగితం ముక్క వాసన చూసి, పాకంలా తియ్యటి సెంటు ఒకటి కొనుక్కొచ్చి, గోడకు సున్నం కొట్టినట్టు ఒళ్లంతా కొట్టుకుంటున్నాడు. కాగితానికి చెమట పడుతుందా? ఏం కొనడమో, ఏం పూసుకోవడమో!

మేం పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. చలికాలం వస్తే మా తాతయ్య అంబర్ అత్తరు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. వెచ్చగా, తియ్యగా ఉండే అత్తరు అది. మణికట్టు మీద చుక్క రాయించుకుని, లాడ్ బజార్ చివరిదాకా నడిచి, తిరిగొచ్చాక మళ్లీ వాసన చూసేవాడు. కొన్ని ఆపాటికే మాడిన బెల్లం కంపు కొట్టేవి.

"మొదటి వాసన అమ్మెటోనిది బిడ్డా. ఆరినంక వచ్చేదే అత్తరుది" అనేవాడు.

ఒక ఎండాకాలం మా మేనత్తను చూడటానికి యాకుత్‌పురా నుంచి పెళ్లికొడుకు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మహానుభావుడు చలికాలపు అంబర్‌ను దట్టంగా పూసుకుని, చాలదన్నట్టు చెవి మడతలో అత్తరు దూది కూడా పెట్టుకొచ్చాడు. మనిషి గల్లీ మలుపులో ఉండగానే వాసన మా ఇంట్లోకొచ్చింది. మాటలు అంతకన్నా తియ్యన. మా ఇంటివాళ్లు కరిగిపోయి తాంబూలాల మాట కూడా ఎత్తారు. మేనత్త తలుపు చాటున బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఊ అంటే బతుకంతా ఆయనతోనే కదా.

తాతయ్య మాత్రం "తొందరేముంది? కూసోండ్రి, అన్నం తిని పోదురు" అన్నాడు. వంట కావాలనే ఆలస్యం చేయించాడు. ఇంతలో కరెంటు పోయింది. అంబర్ చెమటలో కలిసి పులిసింది, పెళ్లికొడుకు ముఖమూ మాడింది. వాళ్లమ్మ మంచినీళ్లు అందిస్తూ ఆయన తెల్లచొక్కా మీద ఒలకబోసింది.

"అక్కల్ లేదా నీకు? నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవ్!" అని కసిరాడు.

ఆమె అప్పటికే కొంగు తీసి చొక్కా తుడుస్తోంది. ఆ తిట్లు ఆమెకు కొత్త కాదని చూస్తేనే తెలిసింది. ఛీ, ఏం మనిషి!

మేనత్త బయటికొచ్చి "నాకీ సంబంధం వద్దు బాపూ" అంది. తాతయ్య తలూపాడు. వాళ్లకు కడుపునిండా భోజనం పెట్టించి మరీ పంపాడు.

తర్వాత నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకునూ నేను భోజనానికి ఆపించాను. నిన్న మా మనవడు మణికట్టు నా ముక్కు దగ్గర పెట్టి "ఎట్లుంది నానమ్మా?" అన్నాడు.

"సాయంత్రం దాకా ఆగు" అన్నాను. "మీ అమ్మతోని ఎట్ల మాట్లాడ్తవో చూసి చెప్త."