సీసాలో మిగిలిన నీళ్ళు

పరిశోధనశాల వెనక వైపు కిటికీల్లేని గది ఎలుకలది. పద్నాలుగేళ్ళుగా ఆ గది చూసుకుంటున్న ఆమెను అందరూ సీసాలక్క అంటారు. పొద్దున రాగానే బోనులకు తలకిందులుగా వేలాడే నీళ్ళ సీసాలు తీస్తుంది. కడిగే ముందు ఒక్కోదానిలో మిగిలిన నీళ్ళు గీతలున్న గాజు జాడీలో పోసి, ఎంతుందో నోటుపుస్తకంలో రాస్తుంది. రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఎంగిలి నీళ్ళకి జాతకం రాస్తావేంటక్కా?" అని నేల తుడిచే ఆవిడ నవ్వేది.

"ఎవరి జాతకమో తర్వాత తెలుస్తుందిలే."

ఆమెకు ముందు అక్కడ పనిచేసింది ఆమె అన్న. ఒక సోమవారం పొద్దున అతను తలుపు తీసేసరికి, కాడ్మియం అనే విషలోహం కలిపిన నీళ్ళు తాగుతున్న పన్నెండు ఎలుకలూ చచ్చి ఉన్నాయి. కంగారులో అలవాటు పనే చేశాడు. సీసాలన్నీ ఒంపేసి, కడిగి బోర్లించాకే డాక్టరును పిలిచాడు. ఆ డాక్టరు రోగులను చూసే మనిషి కాదు, లోహాలు కాలేయాన్ని ఎలా పాడుచేస్తాయో పరీక్షించే శాస్త్రవేత్త. నీళ్ళలో కాడ్మియం కలిపింది ఆయనే.

"సీసాల్లో సగానికి పైనే నీళ్ళున్నాయి సార్. దాహంతో చావలేదు. మందు ఎక్కువ పడిందేమో చూడండి."

"ఉన్నాయని నోటితో అంటే సరిపోతుందా? రాతలో ఉందా?"

లేదు. రాతలోకి ఎక్కింది వేరే మాట: నీళ్ళు పెట్టడంలో నిర్లక్ష్యం. అన్న ఉద్యోగం పోయింది. వీధి మలుపులో తాళాలు బాగుచేసే బల్ల పెట్టుకున్నాడు. "ఎలుకలకే నీళ్ళు పెట్టనోడు, మన తాళం సరిగ్గా చేస్తాడా?" అని వీధిలో వాళ్ళు వేళాకోళం ఆడితే తల వంచుకుని ఆకురాయి రుద్దుతూ కూర్చునేవాడు. చెల్లెలు అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పెళ్ళితో ఇంటిపేరు మారింది కాబట్టి డాక్టరు పోల్చుకోలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. అన్న కాగితం మీద పడ్డ ఆ మాట డాక్టరు పేరు పక్కన కూడా పడాలి.

పాము పగ పన్నెండేళ్ళంటారు. ఆమెకు పద్నాలుగు పట్టింది.

ఈసారి డాక్టరు ప్రయోగం జింకు మీద. మందుల షాపులో ఖనిజ లవణాల బిళ్ళలు అమ్ముతారే, అందులో ఉండే జింకే. కాడ్మియం దెబ్బ నుంచి అది కాలేయాన్ని కాపాడుతుందా అన్నది ప్రశ్న. ముప్పై ఆరు ఎలుకలు, మూడు గుంపులు. మొదటి గుంపుకు మంచినీళ్ళు, రెండో గుంపుకు కాడ్మియం నీళ్ళు, మూడో గుంపుకు కాడ్మియం, జింకు రెండూ కలిపిన నీళ్ళు.

రెండో వారంలో ఆమె పుస్తకంలో తేడా కనిపించింది. రెండు వందల యాభై మిల్లీలీటర్ల సీసాలో రెండో గుంపు బోనుల్లో నూటపది మిగులుతుంటే, మూడో గుంపు బోనుల్లో నూట ఎనభై మిగులుతోంది. ఇంకా కాడ్మియం కలపని జింకు నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. వగరుకు నోరు ముడుచుకుపోయింది. ఎలుకలకు రుచించడం లేదు, అందుకే తాగడం లేదు. నీళ్ళు సగం తాగితే విషమూ సగమే కదా.

సాయంత్రం అన్నకు చెప్పింది.

"వెళ్ళి చెప్పెయ్యి చెల్లీ."

"ఇప్పుడు చెబితే సరిచేసుకుంటాడన్నయ్యా. సరిచేసుకోనివ్వను."

ఆరు వారాలయ్యాక కాలేయాలు కోసి చూశారు. రెండో గుంపువి ఉబ్బి, పాలిపోయి, మచ్చలు పడి ఉన్నాయి. మూడో గుంపువి దాదాపు మంచినీళ్ళు తాగిన వాటిలాగే నున్నగా ఉన్నాయి. ఆ ఎలుకలు కాస్త బక్కచిక్కిన సంగతి డాక్టరు పట్టించుకోలేదు. బయటి నుంచి ముగ్గురు నిపుణులను పిలిచి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. కాలేయాల జాడీలున్న పళ్ళెం పట్టుకుని సీసాలక్క తలుపు దగ్గర నిలబడింది.

నిపుణుల్లో పెద్దావిడ అడిగింది: "అన్ని గుంపులూ ఒకే పాటి నీళ్ళు తాగాయా?"

"తాగాయండి. ఏం తేడా లేదు."

"ఉంది సార్," అంది సీసాలక్క.

గదిలో తలలన్నీ తిరిగాయి. డాక్టరు నవ్వబోయాడు. "ఆవిడ బోనులు కడిగే మనిషండీ. ఆవిడ మాటకి..."

"మాట కాదు సార్. రాతలో ఉంది."

పళ్ళెం కింద పెట్టి, పైట చాటు నుంచి పుస్తకం తీసి పెద్దావిడ చేతికిచ్చింది. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి కళ్ళద్దాలు తీసింది. "వీటిని కాపాడింది జింకా, నీళ్ళు తాగకపోవడమా? ఎలా చెబుతారు?"

డాక్టరు సీసాలక్క వైపు తిరిగాడు. "ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నోటిమాట చెల్లదన్నారుగా సార్. పద్నాలుగేళ్ళ కిందట మా అన్నతో, ఆ ఎలుకల గదిలోనే."

ఆయన మొహం ఆ క్షణంలో ఎలా పాలిపోయిందో ఆమె ఇప్పటికీ చెబుతుంది. రెండో గుంపు కాలేయం రంగు అంటుంది.

నిపుణుల నివేదికలో రెండు సంగతులు రాశారు. నీటి కొలతల్లో పరిశోధకుడి నిర్లక్ష్యం. ఈసారి జింకు మేతలో కలిపి, ప్రయోగం మొదటి నుంచీ మళ్ళీ చెయ్యాలి. మొదటి వాక్యాన్ని ఆమె కంఠతా పట్టి అన్న బల్ల ముందు నిలబడి అప్పజెప్పింది. పాత కాగితం మీద అన్న పేరు మాత్రం అలాగే ఉంది.

అన్న ఆకురాయి పక్కన పెట్టాడు. "మళ్ళీ ఎన్ని ఎలుకలు?"

"ముప్పై ఆరు."

"రెండో వారంలోనే చెప్పుంటే అవి బతికేవి కదే."

"బతికేవి. ఆయన కూడా బతికిపోయేవాడు."

అన్న మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. ఆమె మాత్రం తల దించుకోలేదు.

కొత్త ఎలుకలు వచ్చిన మర్నాడు పొద్దున డాక్టరు బోనుల గదికి వచ్చాడు. అన్నేళ్ళలో ఆ వేళప్పుడు ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. ఆమె సీసా ఒంపుతుంటే పక్కనే నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత మిగిలిందమ్మా?"

ఆమె రాసి, పుస్తకం మూసి, ఆయన చేతిలో పెట్టింది.

"నోటితో చెప్పను సార్. చదువుకోండి."