గడప ఇవతల నుంచి చూసిన కప్పు

మా ఇంట్లో ముందు గది ఒక్కటే మిద్దె, స్లాబు వేసింది. వెనక ఉన్న పడకగదికీ వంటింటికీ సిమెంటు రేకులే. కొడవలూరు దగ్గర పొలాల నడుమ ఉండే ఊరు మాది, గాలి లేచిందంటే ఆపడానికి ఏమీ ఉండదు. ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అరగంట సేపు వడగళ్లు కురిసినప్పుడు ఆ పడకగదిలో మా అమ్మాయి, దాని ఎనిమిది రోజుల కూతురు పడుకుని ఉన్నారు.

రేకుల మీద వడగళ్లు పడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పసిపిల్ల ఏడ్చిందో లేదో కూడా మాకు తెలియలేదు.

తెల్లారి చూస్తే నీళ్ల ట్యాంకు మూత కాలవలో తేలుతోంది. డిష్ గొడుగు ఆకాశం మాని మా వాకిలి వైపు తిరిగి ఉంది. వేపచెట్టు కింద ఆకులు మడమలు మునిగేంత. మా ఆయన కృష్ణపట్నంలో పని చేస్తాడు, ఆ రోజు కంపెనీ బస్సు ఎక్కకుండా ఉండిపోయాడు. సాయంత్రం మళ్లీ గాలివాన ఉందని అందరి ఫోన్లకీ మెసేజీ వచ్చింది. తల్లినీ బిడ్డనీ మిద్దె గదిలోకి మార్చేద్దామని ఆయన పొద్దున్నే అన్నాడు. నేను ససేమిరా అన్నాను.

మిద్దె గదిలో దేవుడి అర ఉంది. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యేదాకా బాలింత అక్కడికి రాకూడదు. ఇక రెండు రోజులే ఉన్నాయి. మా అమ్మ ఇలాగే చేసింది, మా అత్తగారూ ఇలాగే చేసింది, నా చేతుల మీదుగా తప్పు జరగడానికి వీల్లేదు. రేకులు బాగున్నాయో లేదో చూసుకుంటే సరిపోయేదానికి ఇల్లంతా తలకిందులు చేయడమెందుకని ఆయన మీద గయ్యిమన్నాను. ఆయన నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు. సిమెంటు రేకు మీద బోల్టుల వరస తప్పి అడుగు వేస్తే మనిషి కిందికి దిగడు, పడతాడు. నేను నిచ్చెన లాగేశాను.

చిల్లులు వెతకడానికి పైకెక్కక్కర్లేదు. పట్టపగలు తలుపులూ కిటికీలూ మూసేసి లోపల నిలబడితే చాలు, చిల్లి ఉన్నచోట వెలుగు దారంలా కిందికి దిగుతుంది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని ఇది. వంటింట్లో అలాగే చేశాను. మూడు చోట్ల దిగింది, శనగగింజంత చుక్కలు. కర్రతో పైకి చూపిస్తే ఆయన ఆ చోటుకి బొగ్గుతో గుర్తు పెట్టి, సిమెంటు పాలలో ముంచిన గుడ్డముక్కలు లోపలి నుంచే అదిమాడు. మూడింటికీ గంట పట్టలేదు. నాకు గర్వం వచ్చేసింది.

తర్వాత పడకగది. అక్కడే నేను తప్పు చేశాను. నేను అప్పటికే తలస్నానం చేసి పొయ్యి ముట్టించి ఉన్నాను. పురిటి గదిలోకి వెళ్తే మళ్లీ స్నానం చేస్తేగాని వంటింట్లోకి రాకూడదు. ఆ తొమ్మిది రోజులూ నేను పొద్దున్నే ఒక్కసారి లోపలికెళ్లి, బిడ్డకి నీళ్లు పోసి, తల్లి పక్కన పడుకోబెట్టి, స్నానం చేసి బయటే ఉండిపోయేదాన్ని. మిగిలిన పనంతా గడప ఇవతల నుంచి చెప్పి చేయించేదాన్ని. కప్పుని కూడా అలాగే చూశాను. కిటికీ మూయమని అమ్మాయికి చెప్పి, గడప దగ్గర నిలబడి తల ఎత్తాను. అంతా చీకటి. ఒక్క చుక్క వెలుగు లేదు. గది దివ్యంగా ఉందని ప్రకటించేసి వంటింట్లోకి పోయాను.

పసిదాని మీద దుమ్ము రాలకూడదని ఆ మంచం పైన రేకుల కింద రెండు నేతచీరలు మడతపెట్టి కట్టింది నేనే. ఆ చీరలు అడ్డుంటే చిల్లి కనపడదన్న సంగతి నాకు గుర్తురాలేదు అంటే అబద్ధం. గుర్తొచ్చింది. కానీ గది బాగుండాలని ముందే తీర్మానించుకున్నాను కాబట్టి దాన్ని పక్కకి నెట్టేశాను.

మా అమ్మాయి నా మాటకి ఎదురుచెప్పే రకం కాదు. పప్పు తిరగమోత వేస్తుంటే లోపల నుంచి పిలిచింది. పైన కట్టిన చీర నిన్న ఒక మూల తడిసిందని చెప్పింది. గోడ సందులోంచి జల్లు కొట్టి ఉంటుందని కొట్టిపారేశాను. మళ్లీ పిలిచింది.

"అమ్మా, నువ్వు ఆడ నిలబడి చూస్తే ఎట్టా? పండుకోనుండేది నేను. నా తలమీద చీర ఒక చోట తెల్లంగా ఉండాది. లోపలికి రా."

గొంతు పెంచలేదు. కానీ ఆ గొంతు నాకు కొత్త. పొయ్యి ఆర్పి గడప దాటాను.

దాని పక్కన ఒంగి, దాని కళ్లు ఎటు చూస్తున్నాయో అటు చూశాను. చీర మధ్యలో అరచేతి మేర వెలుగు, దాని పక్కనే చీర బరువుతో కిందికి వేలాడుతోంది. ఆయన్ని కేకేశాను. అమ్మాయి బిడ్డని గుండెకి హత్తుకుని మంచం మీద నుంచి పక్కకి జరిగింది. ఆయన కుర్చీ ఎక్కి మూల ముడి విప్పాడు. చీరతో పాటు రేకు ముక్క ఒకటి జారి మంచం మీద పడింది. అన్నం తినే పళ్లెంలో సగం ఉంటుంది, ఒక అంచు కత్తిలా ఉంది. అది పడిన చోట పసిదాని తల కింద వేసే మెత్తటి గుడ్డ ఇంకా పరిచే ఉంది.

నేలమీద కూలబడ్డాను. అంత భయం నేను నా పురుళ్లప్పుడు కూడా ఎరగను. ఆయన నన్ను ఒక మాట అనుంటే ఏదో ఒకటి తిరిగి అని తేలికపడేదాన్ని.

పైన మూరెడు పగులు, దానిలోంచి మబ్బు కనిపిస్తోంది. గుడ్డముక్కలతో అయ్యే పని కాదు, కొత్త రేకు తేవాలి, అది రేపటి మాట. ఆయన మిద్దె గదిలోకి పోయి దేవుడి అరకి అడ్డంగా దుప్పటి కట్టబోయాడు. కట్టొద్దన్నాను.

"దేవుళ్లని చూడనీ. బిడ్డని ఇచ్చినోళ్లకి ఆ బిడ్డతో మైలేంది?"

అమ్మాయి చేతిలోంచి బిడ్డని తీసుకుని నేనే ముందు నడిచాను. మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. వెనక గదిలో పగులు కింద పెట్టిన బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు మిద్దె గదిలోకి వినిపిస్తూనే ఉంది. అమ్మాయి కప్పు మీద దిగులు లేకుండా వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పసిది నా ఒళ్లో ఉంది.

అన్నాళ్లూ దానికి నీళ్లు పోశానే గాని మొహం నిదానంగా చూసింది లేదు. గడ్డం మా అమ్మాయిది, నుదురు మాత్రం అచ్చం నాది. అమ్మాయి లేచి, వంట సగంలో వదిలేశావు, స్నానం చేయాలిగా అంటూ బిడ్డని ఇయ్యమంది. కాసేపు ఉండనీ అన్నాను. ఆ పూట పప్పు ఆయన పూర్తి చేశాడు. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాడు. నేను ఒంటిచేత్తో తిన్నాను, రెండో చెయ్యి దాని తల కింద ఉంది.