తడపకుండా చూసిన పుంజు

"నీ నోటితో జాతిదని చెప్పినావా లేదా? ముందు అది చెప్పక్కా!"

"చెప్పినా. కాదన్లేదే."

"మరి ఇదేంది? ఈ రంపం ఏంది? మా వియ్యంకుడు నలుగురిలో నవ్వినాడు. మేకలు కాసేటోడికి జాతి కోళ్లేందిరా అన్నాడు. నేను యాడ పెట్టుకోవాల మొహం?"

"మొహం సంగతి తర్వాత. కోడిపిల్లను అట్ల మెడ పట్టుకుంటారా ఎవరన్నా? ఇటీ."

దాణా బస్తా భుజాన ఉండగానే నేను గుమ్మంలో ఆగిపోయాను. అరుస్తున్నది పుల్లలచెరువు కాటమరాజు. మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది ఫాతిమాబీ. డిగ్రీ రెండో ఏడాది మానేసి కోళ్ల దాణా దుకాణంలో చేరినప్పటి నుంచి వారానికోసారి ఆమెకు జొన్నలు, సజ్జలు తెచ్చి వేస్తున్నాను. ఆమె మాటకు ఎదురు చెప్పిన మనిషిని అంతవరకు చూడలేదు.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక సందులో ఉంటుంది ఆమె ఇల్లు. ఎవరినీ అడగక్కర్లేదు. చంకలో కోడితో నడుస్తున్న మనిషి వెనకాలే వెళ్తే చాలు. గిద్దలూరు నుంచి, తర్లుపాడు నుంచి కోళ్లను తెచ్చి ఆమె ముందు పెడతారు. జాతిదా, వేరే రక్తం కలిసిందా అన్నది ఆమె చెప్పాలి. ఆమె చెప్పాక ఇంకెవరినీ అడగరు.

అడగాల్సిన అవసరం ఎందుకంటే, ఇప్పుడు దొరికేవన్నీ జాతి కోడిలాగే ఉంటాయి. పొడుగు కాళ్లు, నిటారు మెడ, కోపంగా చూసే కళ్లు అన్నీ ఉంటాయి. తాత ఫారం కోడి అయినా మనవడి మొహంలో అది కనిపించదు. నాటుకోడి అని బోర్డు పెట్టి అమ్మేవాటిలో సగం కలిసినవే. మా దుకాణంలో అమ్మేవీ అంతే, దాచుకునేదేమీ లేదు.

ఫాతిమాబీ రంగు చూడదు. డేగ, కాకి, నెమలి అని తెచ్చినవాళ్లు మొదలుపెడితే "మాటలు పక్కన పెట్టు, కోడినియ్యి" అంటుంది. కోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక చెంబు నీళ్లు మెల్లగా రొమ్ము మీద, రెక్కల కింద పోస్తుంది. తడిసిన ఈకలు అణిగిపోయి అసలు ఒళ్లు బయటపడుతుంది. జాతి కోడికి రొమ్ము ఎముక వెంట ఈక ఉండదు. ఎర్రటి తోలు చారలాగా కనిపిస్తుంది. కలిసినదానికి అక్కడ మెత్తటి నూగు ఉండి, తడిసి ముద్దవుతుంది. ఆ చార మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి లాగుతుంది. అంతే, చెప్పేస్తుంది.

ఆ వేలికి పని నేర్పింది పలకలే. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీలో పలకలు నునుపు చేసింది. పలకను తట్టి, చప్పుడు విని లోపల పగులుందో లేదో చెప్పేదట. కోళ్ల సంగతి మాత్రం వాళ్ల అబ్బా నేర్పాడు. ఆయన ఇచ్చిన జోడీ నుంచి వచ్చిన సంతే ఇప్పటికీ ఆమె పెరట్లో తిరుగుతోంది. పది పెట్టలు, ఒక డేగ పుంజు. ఆ సంతులో కల్తీ లేదని ఆమె ఒట్టేసి చెప్పేది. కాటమరాజు పట్టుకెళ్లిన జోడీ కూడా ఆ సంతులోదే.

ఇప్పుడు వాటి పిల్లను ఆమె అరచేతిలో పెట్టాడు. నాలుగు వారాలది. జాతి పిల్లకు నెత్తి మీది తురాయి చిన్న గింజలు నొక్కి అతికించినట్టు తలకు కరుచుకుని ఉండాలి. దీని తురాయి నిలబడి ఉంది, రంపం పళ్లతో.

"తొమ్మిది పిల్లల్లో రెండు ఇట్లనే ఉన్నాయి" అన్నాడు కాటమరాజు.

లోపలినుంచి ఆమె కూతురు ఉజ్మా వచ్చింది. "మీ ఊరి పుంజేదో తొక్కింటుంది అన్నా. నువ్వు మేకల ఎంబడి పోతావు, నీ కోళ్లు ఊరి ఎంబడి పోతాయి. మా అమ్మ మీదికి వస్తే ఎట్ల?"

"వల కట్టి పెంచినా తల్లీ! ఈగ కూడా దూరలేదు!"

"ఈగ సంగతి నాకు తెల్వదు గానీ..."

"చుప్ ఉండు ఉజ్మా" అంది ఫాతిమాబీ. ఆమె గొంతు మారిపోయింది. "ఊరి పుంజు తొక్కినా జాతి పెట్టకు మొదటి కాన్పులో రంపం బయటికి రాదు. దాక్కుంటది. అమ్మలోనూ నాయనలోనూ రెండిట్లోనూ దాక్కుని ఉంటేనే పిల్ల నెత్తిన లేస్తది. ఆయన తప్పేం లేదు."

గొడవకు వచ్చినవాడికి అవతలివాళ్లు ఒప్పుకుంటే ఏం చేయాలో తెలియదు. "అంటే... నీ కోళ్లే కలిసినాయా అక్కా?" అన్నాడు కాటమరాజు.

"తెల్వదు. నెలన్నర టైమియ్యి. డేగను పరీక్ష పెడతా."

అతను వెళ్లాక నాకు చెప్పింది. పెరట్లో పిల్లలన్నిటికీ తండ్రి ఆ డేగే. అది శుభ్రమైనదైతే, తేడా ఉన్న పెట్టల్ని ఏరేసి సంతును నిలబెట్టుకోవచ్చు. దానిలోనే దాక్కుని ఉంటే ఇక నిలబెట్టుకోవడానికి ఏమీ మిగలదు. వాళ్ల అబ్బా చేతి నుంచి తనదాకా వచ్చినది ఇక్కడితో ఆగిపోతుంది.

పరీక్ష కూడా వాళ్ల అబ్బా చెప్పిందే. పుంజు ముఖం చూడని మామూలు పెట్టను, నిలువు తురాయి ఉన్నదాన్ని, పుంజుతో కలపాలి. పుంజు శుభ్రమైతే పుట్టిన ప్రతి పిల్లకీ తురాయి నొక్కుకునే ఉంటుంది. ఒక్క పిల్లకు రంపం లేచినా పుంజు కలిసినదే. ఒక్కటి చాలు.

"మీ దుకాణంలో గుడ్ల పెట్టలుంటాయి గదా చిన్నా, రెండు తీసుకురా" అంది. తెచ్చాను. డేగను, వాటిని వేరే గూట్లో పెట్టింది. మొదటి వారం గుడ్లు వదిలేసి తర్వాతవి పన్నెండు ఏరింది. పొదుగు మీదున్న తన జాతి పెట్ట కిందే వాటిని పెట్టింది. ఆ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఆమె ఒక్క కోడిని కూడా చూడలేదు. తర్లుపాడు ఆటో బాబావలి ఒకసారి పుంజును ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకుంది.

"వచ్చే నెల రా నాయనా."

"ఒక్క చెంబు నీళ్ల పని గదా పెద్దమ్మా. ఇది జాతిదో కాదో చెప్తే పోతా. మీటరు తిరగతా ఉంది."

"నీ ఆటోకు మీటరెక్కడుందిరా?" అంది ఉజ్మా. బాబావలి నవ్వాడు. ఫాతిమాబీ నవ్వలేదు.

"వచ్చే నెల కూడా చెప్తానో లేదో తెల్వదు" అంది. బాబావలి నవ్వు ఆగిపోయింది. పుంజును చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను వెళ్లినప్పుడల్లా గూటి దగ్గరే ఉండేది. పెట్ట లేచి నీళ్లు తాగడానికి వెళ్తే ఆమె కూడా లేచి నిలబడేది. అది తిరిగి గుడ్ల మీద కూర్చునేదాకా కూర్చునేది కాదు. కరెంటు పోయి ఎండ మండిన రోజు గూటి మీద తడి గోనెపట్టా కప్పింది. తేమ ఎక్కువైందేమోనని తీసేసింది. మళ్లీ కప్పింది. బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూనే ఉండేది, అది ఇంకా పని చేస్తుందో లేదో చూసుకుంటున్నట్టు. అన్నం తినడం లేదని ఉజ్మా నాతో మొర పెట్టుకుంది. నేనేం చేస్తాను? వెళ్లకుండా ఉండలేకపోతున్నాను. వారానికోసారి వెళ్లేవాడిని రోజూ వెళ్తున్నాను.

పదో రోజు అడిగింది. "దుకాణంలో ఏమనుకుంటున్నారు చిన్నా?"

ఉజ్మా ఆమె వెనక నిలబడి చెప్పొద్దని తల ఊపుతోంది. నాకు కడుపులో మాట కడుపులో ఉంచుకోవడం రాదు. కాలేజీలోనూ దానివల్లే నష్టపోయాను.

"నవ్వుతున్నారు పెద్దమ్మా. ఫాతిమాబీ చెప్పిన జాతి కోడి రంపం పట్టుకుని వచ్చిందని కట్టెల అడితిలో కూడా చెప్పుకుంటున్నారు. నీకు కళ్లు కనపడటం లేదని ఒకాయన అన్నాడు."

ఉజ్మా కసురుకుంది. "నీకు బుద్ధుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తావా?"

"చెప్పనీ" అంది ఫాతిమాబీ. "వీడొక్కడే చెప్తున్నాడు. నువ్వు ఇన్నాళ్ల నుంచి అంతా బాగుందనే అంటున్నావు."

ఇరవయ్యొకటో రోజు పొద్దున్నే వెళ్లాను. పన్నెండు గుడ్లలో పది పగిలాయి. ఒళ్లు ఆరిన పిల్లలన్నీ తల్లి రెక్కల కింద ముడుచుకుని ఉన్నాయి. ఫాతిమాబీ ముందు ఒక చెంబు నీళ్లు పెట్టుకుంది. ఒక్కో పిల్లను తీసి, వేలు నీళ్లలో ముంచి, పిల్ల నెత్తి మీద నూగును తడిపి పక్కకు దువ్వుతోంది. పుట్టిన రోజు తురాయి దారప్పోగంత కూడా ఉండదు. గోటి అంచుతో తడిమి నా ముందు పెడుతోంది.

"నొక్కుకుని ఉంది. చూడు."

చూశాను. వెడల్పుగా, తలకు అంటుకుని ఉంది. "అవును" అన్నాను.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది చూస్తుంటే ఉజ్మా వచ్చి నా పక్కన కూర్చుంది. ఐదోదానికి "అమ్మా, అన్నీ బాగానే ఉన్నాయి గదా" అంది. ఫాతిమాబీ ఆరోదాన్ని తీసింది. తడిపింది. గోరు పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది. చేతిని చీరకు తుడుచుకుని ఇంకోసారి పెట్టింది.

"నువ్వు చూడు" అంది.

తడిసిన నూగు మధ్యలో సన్నటి గీత నిలబడి ఉంది. తల కాస్త వంచి వెలుతురుకు పెడితే గీత అంచున చిన్నచిన్న పళ్లు కనిపించాయి. మళ్లీ చూశాను. నా కళ్లదే పొరపాటు కావాలని అనుకున్నాను. కాదు.

"రంపమే పెద్దమ్మా."

ఉజ్మా ఏదో అనబోయింది. ఆమె చెయ్యెత్తి ఆపి మిగిలిన నాలుగింటినీ కూడా చూసింది. చూడాల్సిన పని లేదని ఆమెకూ తెలుసు. వాటిలో మరో మూడింటికి గీత ఉంది. పిల్లలన్నిటినీ ఒక్కొక్కటిగా తల్లి కింద పెట్టింది. అవి చేసిన తప్పేం లేదు గనక జాగ్రత్తగానే పెట్టింది. పెరట్లో డేగ కూస్తోంది. జాతి పుంజు లాగే కూస్తోంది.

ఫాతిమాబీ చెంబును పక్కకు జరిపింది.

"నాకు మొదటి రోజే తెల్సు. కాటమరాజు ఆ పిల్లను చేతిలో పెట్టినప్పుడే తెల్సు. కాకపోతే బాగుండునని ఇన్నాళ్లూ చూసినా."

మూడేళ్ల కింద కోళ్లకు కొక్కెర తెగులు వచ్చి ఆమె పుంజు చచ్చిపోయింది. పెట్టలు మాత్రం బతికాయి. గిద్దలూరు వైపు నుంచి ఒకాయన అమ్మడానికి పుంజును తెచ్చాడు. ఎండాకాలం. సందులోకి నీళ్ల ట్యాంకరు వచ్చి తొమ్మిది రోజులైంది. కుండలో తాగడానికి రెండు చెంబుల నీళ్లే ఉన్నాయి. ఉజ్మాకు అప్పుడు జ్వరం.

"పుంజు చాలా బాగుండింది చిన్నా. కళ్లు, కాళ్లు, మెడ, అన్నీ అబ్బా చెప్పినట్టే ఉండినాయి. ఒళ్లో పెట్టుకుని ఈకల మీద నుంచే తడిమినా. చాల్లే, జాతిదే అన్నా. నీళ్లు పోయలేదు. ఆ చెంబు నీళ్లు పిల్లకు తాగడానికి ఉంచినా. అది ఏడాది ఉండి చచ్చిపోయింది. ఈ డేగ దాని కొడుకే."

ఉజ్మా మొహం పాలిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేందమ్మా?"

"ఏమని చెప్పాల? నీకు నీళ్లిచ్చినానని బాధపడుతున్నా అని చెప్పాల్నా? మళ్లీ ఆ రోజు వచ్చినా నీకే ఇస్తా. పుంజును పంపించేసి ట్యాంకరు వచ్చినాక తెమ్మనింటే సరిపోయేది. ఆ ముక్క నోట్లోంచి రాలేదు."

కోపమంతా ఆ ముక్క మీదే ఉన్నట్టు బొటనవేలిని గట్టిగా నొక్కుకుంది.

ఈ మూడేళ్లలో తన పెరటి నుంచి కోళ్లు వెళ్లిన ఇళ్లు పదకొండు. కాగితం అక్కర్లేకుండా ఊళ్లతో సహా చెప్పింది. తర్లుపాడులో నాలుగు, పుల్లలచెరువు పక్క మూడు, మిగిలినవి గిద్దలూరు దారిలో. వాళ్లంతా ఇప్పుడు జాతివనే నమ్మి పెంచుతున్నారు. వాళ్ల దగ్గర నుంచి ఇంకెన్ని ఇళ్లకు వెళ్లాయో ఎవరికి తెలుసు?

"చెప్పకపోతే ఏమవుతుందమ్మా? నువ్వు చెప్తే తప్ప వాళ్లకు తెల్వదు" అంది ఉజ్మా.

"వాళ్లకు తెల్వదనే గదా నా దగ్గరికి వచ్చింది."

నా వైపు తిరిగింది. నేను వెళ్లడానికి లేచి ఖాళీ బస్తా మడుస్తున్నాను.

"నీకు బండి ఉంది గదా చిన్నా. ఆ పదకొండు ఇళ్లకూ పోయి రా. మొదట కాటమరాజు ఇంటికి పో, ఆయన వియ్యంకుడిని కూడా పిలిపించి చెప్పు. ఫాతిమాబీ తప్పు చెప్పింది, మీ కోళ్లు కలిసినవి, జాతివని ఎవరికీ ఇయ్యొద్దండి అని చెప్పు. నీళ్ల సంగతి వాళ్లకు చెప్పొద్దు, సాకు అనుకుంటారు. తిడతారు. తిట్టనీ. నీకు నోరెక్కువ, ఒక్కదానికి కూడా ఎదురు మాట్లాడొద్దు. ఎవరెవరు ఏమేం తిట్టినారో గుర్తు పెట్టుకుని వచ్చి నాకు చెప్పు. ఒక్కటి కూడా దాచొద్దు."