దుబా అంటే అల కాదు

కాసెట్ అట్ట వెనక అచ్చేయమని నేను ఇంగ్లీషులో రాసి పంపిన మాటలకు తెలుగు ఇది: “బంగాళాఖాతం ఒడ్డున జాలరి స్త్రీలు పడవలు బయల్దేరే ముందు పాడే పురాతనమైన పిలుపు. వాళ్ళ పాత భాషలో దుబా అంటే అల.”

ఇందులో బంగాళాఖాతం ఒక్కటే నిజం. మిగతాదంతా మల్కాపురంలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, టీ తాగుతూ నేను పుట్టించిన అబద్ధం. ఆ గొంతు ఎవరిదో, ఆవిడ అసలేమందో రాయాల్సిన చోట అది రాశాను. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. ఆలస్యంగా నిజం చెప్పినంత మాత్రాన పెద్దమనిషినైపోతానని కాదు. రాయకుండా ఉంటే అన్నం సయించడం లేదు, అంతే.

ఆవిడ పేరు పోతమ్మ. ఉండేది జాలరిపేట. వయసెంతని అడిగితే, “హుద్‌హుద్ తుపానప్పటికే నాకు మనవరాలు బడికెల్తాంది, నువ్వే లెక్కేసుకో” అంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా వీధికి చేపలు తెచ్చేది ఆవిడే. తెల్లవారకముందే హార్బరుకి వెళ్ళి, వేలంలో పాట పాడి చేపలు కొనుక్కుని, ఆటోలో బేసిన్ పెట్టుకుని మల్కాపురం వస్తుంది. మొగుడు బోటు మీద జారిపడి మోకాలు విరిగాక ఇంటి బరువు కూడా ఆ బేసిన్‌లోనే వేసుకుని మోసింది. ఆవిడ జీవితంలో పాడిన పాటంటే ఆ వేలం పాట ఒక్కటే. నేనేమో అట్ట మీద ‘గాయని’ అని కూడా రాశాను.

మా అమ్మ జయమణి పోయే వరకూ పోతమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చేప కొనలేదు. నా భార్య కేథరిన్ బాలింతగా ఉన్నప్పుడు, పాలు పడతాయని హార్బరంతా గాలించి పాలసొర తెచ్చి, వండే పద్ధతి కూడా దగ్గరుండి చెప్పింది. నన్ను నిక్కరు రోజుల నుంచీ ‘బాబూ’ అంటుంది. నాకు నలభై నిండి, బట్టతల వచ్చినా బాబునే.

ఇక నా సంగతి. పేరు హెన్రీ. కంటైనర్ యార్డులో పని. రొయ్యల్ని గడ్డకట్టించి పై దేశాలకు పంపే చలి పెట్టెలుంటాయి, వాటి కూలింగు ఆగిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఈ రెండూ ఊరందరికీ తెలుసు. మూడోది ఇద్దరికే తెలుసు: కేథరిన్‌కీ, మా ఊరి పాత టౌన్లో పాత కీబోర్డులు బాగుచేసే లతీఫ్‌కీ. లతీఫ్ దగ్గర కొన్న ఓ ముసలి సింథసైజరూ, ఓ డ్రమ్ మెషీనూ ముందేసుకుని నేను ఎలక్ట్రో సంగీతం చేస్తాను. అందులో హీరో ఎంట్రీ ఉండదు, పల్లవీ చరణం ఉండవు. మెషీన్ల చప్పుడు, దాని మీద ఓ లయ, అదే మళ్ళీ మళ్ళీ. చలి పెట్టెలు పక్కపక్కనే ఇరవై నిలబడి ఒకే శ్రుతిలో గొణుగుతుంటే విన్నవాడికి ఆ రుచి తెలుస్తుంది. మిగతావాళ్ళకి తలనొప్పి.

అలాంటి తలనొప్పిని కోరి కొనుక్కునేవాళ్ళు ప్రపంచంలో ఓ వెయ్యిమంది ఉంటారు. వాళ్ళ కోసం పాటల్ని కాసెట్లుగా వేసి అమ్మే చిన్న చిన్న లేబుళ్ళుంటాయి. రాటర్‌డ్యామ్‌లో ఇద్దరు మనుషులు ఓ అద్దె గదిలో నడిపే లేబుల్ ఒకటి, పదకొండేళ్ళుగా నేను పంపినవన్నీ మర్యాదగా తిప్పికొట్టింది. “బాగుంది, కానీ ఇలాంటివి మా ఊళ్ళోనూ చేస్తున్నారు” అనేది వాళ్ళ జవాబు. వాళ్ళ ఊళ్ళో లేనిదేదో కావాలన్నమాట. ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది.

నిరుడు మార్చిలో ఓ శనివారం పొద్దున్న పోతమ్మ మా గుమ్మంలో కూర్చుని పండుగప్ప చేప కోస్తోంది. పొలుసు గీకుతుంటే కత్తి చేసే చప్పుడు నా డ్రమ్ మెషీను ఏడు జన్మలెత్తినా చెయ్యలేదు. లోపలికెళ్ళి రికార్డర్ తెచ్చి క్రోటన్ కుండీ పక్కన పెట్టాను. ఆవిడ కత్తి ఆపింది.

“అదేటి బాబూ? ఆ డబ్బాతో ఏటి సేత్తన్నావ్?”

“ఏటీ నేదు పోతమ్మత్తా. సౌండ్ రికార్డు సేత్తన్నాను.”

“ఒద్దు బాబూ, ఒద్దు. ఆపీ. ఒద్దు బాబూ.”

“సరే, ఆపేసినాను” అని రికార్డర్ తీసి జేబులో వేసుకున్నాను.

ఆపలేదు. ఎర్ర దీపం కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టానంతే. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే పొలుసు చప్పుడు బాగానే పడింది. దానికంటే బాగా ఆవిడ గొంతు పడింది. ఆ ‘ఒద్దు బాబూ’ లో ఓ తూగు ఉంది. ముందున్న ‘ఒ’ తీసేశాను. చివరున్న ‘బూ’ కోసేశాను. మిగిలింది ‘ద్దుబా’. దాన్ని తిప్పి తిప్పి వేస్తే ద్దుబా, ద్దుబా, ద్దుబా అని ఆరు నిమిషాల పాట తయారైంది. కింద చలి పెట్టెల గొణుగుడు, పక్కన కత్తి గీకుడు. నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే అదే బాగుంది. ఇవాళ్టికీ అది బాగుంది, చిక్కంతా అదే.

లేబుల్ వాళ్ళు రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. ఈ పదానికి అర్థమేమిటి, ఇది ఏ సందర్భంలో పాడతారు అని అడిగారు. అప్పుడే ఆ అల పుట్టింది. వంద కాసెట్లు వేశారు, వారంలో అయిపోయాయి. ఎవరో ఓ విమర్శకుడు ఇంటర్నెట్‌లో ఆ పాట గురించి రెండు పేజీలు రాశాడు. ఆ గొంతులో సముద్రాన్ని రమ్మని పిలిచే వేల ఏళ్ళ ఆహ్వానం ఉందట. నేను ఆ వ్యాసాన్ని ప్రింటు తీయించి బీరువాలో బట్టల కింద దాచుకున్నాను.

మొదటి చెంపదెబ్బ లతీఫ్ దగ్గర తగిలింది. కొట్టు బల్ల మీద నా కాసెట్ వేసి గర్వంగా నిలబడ్డాను. తల ఊపుతూ విన్నాడు. రెండోసారి విన్నాడు. మూడోసారికి తల ఊపడం ఆపేశాడు.

“బావా, ఇది ‘ఒద్దు బాబూ’ కదేటి?”

“కాదు.”

“కాదేటి? మన ఊరి గొంతు నాకు తెల్దా? ఎవులో ఒద్దు బాబూ అంటంటే నువ్వు ముందూ ఎనకా కోసీసినావ్.” కాసేపు నవ్వాడు. నా మొహం చూసి నవ్వు మింగేశాడు. “ఆవిడకి సెప్పినావా?”

తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను. అయినా చెప్పలేదు. చెప్పేవాణ్ణి కూడా కాదేమో. కానీ లేబుల్ వాళ్ళు పెద్ద రికార్డు వేస్తామన్నారు. నల్లటి పళ్ళెంలా ఉండే అసలు రికార్డు, మీద నా పేరు. దానికి ముందు ఓ చిన్న షరతు పెట్టారు. గాయని పేరు కావాలి, ఆవిడ ఒప్పుకున్నట్టు కాయితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ కావాలి. ఆ కాయితం నాలుగు రోజులు నా చొక్కా జేబులో తిరిగింది. ఐదో రోజు శనివారం.

పోతమ్మ గేటు మీద కత్తి పిడితో రెండుసార్లు కొట్టింది. కేథరిన్ గిన్నె తెచ్చిచ్చింది. చేప కోయడం అయ్యాక, “అత్తా, ఓ పాట ఇనవా?” అని హెడ్‌ఫోన్లు ఇచ్చాను. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కొప్పు సర్దుకుని మరీ పెట్టుకుంది.

మొదట నవ్వింది. “ఒలమ్మో! ఇది నా కత్తే!” వేళ్ళతో మెట్టు మీద తాళం కూడా వేసింది. నా ప్రాణం లేచొచ్చింది. జేబులో కాయితం తడుముకున్నాను. అంతలో ద్దుబా మొదలైంది. ఆవిడ వేళ్ళు ఆగాయి. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, చాలాసేపు విన్నది. పాటంతా అయిపోయాకే హెడ్‌ఫోన్లు తీసి, తడి తగలకుండా జాగ్రత్తగా నా చేతిలో పెట్టింది.

“నాను ఒద్దన్నాను గదేటి బాబూ.”

హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

“ఆపేసినాను అన్నావు గదా.”

తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. పోతమ్మ తిడితే వీధి వీధంతా బయటికొచ్చి చూసేది ఒకప్పుడు. ఇప్పుడు మాత్రం నెమ్మదిగా, పక్కింటికి వినపడకుండా చెప్పింది.

రెండేళ్ళ కిందట పేటలో గట్టు మీద ఎవరో కుర్రాళ్ళు బేరమాడుతూ ఆవిడ మొహం మీద ఫోను పెట్టారట. కోపమొచ్చి, “నన్నేటి సూత్తన్నావ్, సేపని సూడు!” అందట. దానికి వాళ్ళు వెకిలి మ్యూజిక్ తగిలించి ఇంటర్నెట్‌లో వదిలారు. ఊరంతా పాకింది. బస్సులో, ఆటోలో, హార్బరులో, కనపడ్డ ప్రతివాడూ “సేపని సూడు” అని పళ్ళికిలించేవాడు. ఆఖరికి మనవరాలి పెళ్ళిలో బ్యాండ్ వాళ్ళు కూడా అదే వాయించారు. వియ్యాలవారు నవ్వారు. ఆవిడ వంటల దగ్గరికెళ్ళి కూచుందట, మళ్ళీ పందిట్లోకి రాలేదు.

“ఆ రోజు కాడ్నుంచి నాను నోరెత్తి కేకెయ్యనేదు బాబూ. గేటు కొడతన్నాను. నీకు తెల్దేటి?”

తెలీదు. అదే అసలు సిగ్గు. “సేపలే... కోనేఁవే...” అని మూడు వీధులకి వినపడే కేక, నేను పుట్టి పెరిగిన కేక, రెండేళ్ళ కిందట ఆగిపోయింది. చలి పెట్టెల్లో ఏ కంప్రెసర్ ఏ శ్రుతి తప్పిందో గోడ అవతల నుంచి చెప్పే మొనగాణ్ణి నేను. శబ్దాలు వినడమే నా విద్య అని విదేశాలకు రాసుకున్నవాణ్ణి. నాకు తెలీలేదు. గుమ్మంలో నిలబడ్డ కేథరిన్ నా వైపు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. కేక ఆగిన సంగతి తనకి తెలుసు.

అక్కడితో ఆగితే ఏ కాస్తో మనిషిని. ఆగలేదు. జేబులోంచి ఆ కాయితం తీశాను.

“అత్తా, ఇది ఇక్కడోలు ఎవులూ ఇనరు. ఫారినోలే ఇంతారు. ఆలకి తెలుగు రాదు. నువ్వు ఓ ఏలిముద్ర...”

పోతమ్మ కాయితం వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది.

“ఆలకి తెలుగు రాదు, సరే. నీకొచ్చు గదేటి?” బేసిన్ అంచు పట్టుకుని లేచి నిలబడింది. “ఇప్పుడూ ఒద్దనే అంటన్నాను. ఇప్పుడైనా ఇనపడిందేటి?”

వినపడింది. ఆ సాయంత్రమే లేబుల్ వాళ్ళకి ఉన్నదున్నట్టు రాశాను. దుబా అంటే అల కాదు; ఒకావిడ వద్దని చెప్పిన మాటకి ముందూ వెనకా కోసేస్తే మిగిలిన ముక్క అని. వాళ్ళు పాటని ఇంటర్నెట్ నుంచి తీసేశారు. రికార్డు ఆగిపోయింది. రెండే రెండు వాక్యాల జవాబొచ్చింది, అందులో రెండోది ఇక మీదట నా పాటలేవీ పంపొద్దని. న్యాయమే. కానీ ఆ వంద కాసెట్లు ఎక్కడెక్కడికి వెళ్ళాయో వాళ్ళకీ తెలీదు. ఏ దేశంలోనో ఏ గదిలోనో పోతమ్మ ఇంకా వద్దు వద్దంటూనే ఉంటుంది, దానికి ఎవరో అడుగులు వేస్తూనే ఉంటారు. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. బీరువాలోంచి ఆ వ్యాసం తీసి చింపేశాను, అదేదో పెద్ద శిక్షలాగా.

మరుసటి శనివారం ఆవిడ రాదనుకున్నాను. వచ్చింది. గేటు మీద కత్తి పిడితో రెండు దెబ్బలు. కేథరిన్ స్నానానికి వెళ్ళింది, నేనే తలుపు తీశాను. ఆవిడ కూర్చుని కానాగంత చేపలు బాగుచేసింది, ఎప్పటిలాగే పులుసుకి తలకాయలు వేరే పెట్టింది. ఏమైనా అంటుందేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను. క్షమించమని అడగడానికి మాట కూడా కూర్చుకున్నాను. ఆవిడ ముక్కలు కడిగి, గిన్నె ఎత్తి నా వైపు చాచింది.

“అందుకోండి సారూ” అంది.

అందుకున్నాను.