వెలగని లైటుకు నా సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాత కోపానికి భయపడనిది ఒక్క ఆయన కారే. పుంగనూరులో ఆ పాత తెల్ల కారును పెళ్లిళ్లకూ, ఆస్పత్రి పనులకూ బాడుగకు తిప్పేవాడు. తొంభైల్లో మా వీధి మొత్తానికి కారంటే అదొక్కటే కాబట్టి, తాత మెడ ఎప్పుడూ కొంచెం నిటారుగానే ఉండేది.

ఒక ఏడు దసరా అయిన వారానికి మదనపల్లెలో బండికి రోడ్డు మీద తిరిగే అర్హత పరీక్ష, అదే ఎఫ్‌సీ చేయించాల్సి వచ్చింది. బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైట్లు వెలగడం లేదని బ్రేక్ ఇన్‌స్పెక్టరు తిప్పి పంపేశాడు. బాగుచేసుకుని రావడానికి వారం గడువిచ్చాడు. ఈసారి కూడా తప్పితే ఆ ముసలి బండిని అమ్మేస్తానని మా నాయన తేల్చి చెప్పేశాడు. కారు పోతే తాత ఏమైపోతాడోనని అవ్వకు ఒకటే దిగులు. తాత మాత్రం మెకానిక్కును పిలవనే పిలవనన్నాడు. తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆయనకు సుతరామూ ఇష్టం ఉండేది కాదు.

గడువుకు ముందురోజు పొద్దున్నే తానే పనిలోకి దిగాడు. కొత్త బల్బులు వేశాడు. ఫ్యూజు మార్చాడు. బ్రేకు స్విచ్ విప్పి తుడిచి బిగించాడు. ఒక్కో పని కాగానే లోపల కూర్చుని బ్రేకు తొక్కేవాడు. వెనక నిలబడి వెలిగిందో లేదో చెప్పే ఉద్యోగం తొమ్మిదేళ్ల నాకు ఇచ్చాడు.

లేదన్నప్పుడల్లా తిట్లు నాకే. "కండ్లు యాడ పెట్టుకోని సూస్తాండావు? సరిగ్గా సూడు!" అని అరిచేవాడు. లైటును నేనే ఊది ఆర్పేస్తున్నట్టు ఉండేది ఆయన ధోరణి. నిజానికి నాకు ఇంకోటి కూడా కనిపిస్తూనే ఉంది. తాత బ్రేకు తొక్కినప్పుడల్లా ఎర్రలైటు వెలగదు కానీ, దాని పక్కన మలుపు తిరిగేటప్పుడు వెలగాల్సిన పసుప్పచ్చ లైటు గుడ్డిగా మినుకుమనేది. అడగనిది చెప్పి ఇంకో నాలుగు తిట్లు తినడం ఎందుకని నోరు మూసుకున్నాను. ఆరోసారో ఏడోసారో ఇక తిట్లు పడలేక, "వెలిగింది తాతా!" అనేశాను.

కాలు తీస్తే ఆరిపోయే లైటు కాబట్టి, దానికి నా మాటే సాక్ష్యం. తాత చంకలు గుద్దుకుంటూ దిగి, అవ్వకు చెప్పడానికి లోపలికి వెళ్లిపోయాడు.

అవ్వ తమ్ముడు ఆ పొద్దునే కుప్పం నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. మేం ఆయన్ని కుప్పం తాత అనేవాళ్లం. లారీలకు వైరింగు పని చేసి చేసి మానేసిన మనిషి. పిలవకుండా బావ బండి ముట్టుకుంటే యుద్ధమేనని అప్పటిదాకా ఊరుకున్నాడు. ఇప్పుడు మెల్లగా లేచొచ్చి కార్లో కూర్చుని, "పాపా, నేను తొక్కతాను, సూసి చెప్పమ్మా" అన్నాడు. వెలిగిందన్నాను. బాగా వెలిగిందా అని అడిగాడు. "శానా బాగా!" అన్నాను.

దగ్గరికి పిలిచి తలుపు తీశాడు. చూస్తే సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్లూ పైనే ఉన్నాయి. బ్రేకు దరిదాపులకు బొటనవేలు కూడా పోలేదు.

నా మొహం మాడిపోయింది. ఆయన నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ, "భయపడొద్దమ్మా, ఎవురికీ చెప్పను. నీ కంటికి ఏం కనపడిందో అది చెప్పు, సాలు" అన్నాడు. అప్పుడు పసుప్పచ్చ లైటు సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇది ముందే యాల చెప్పలేదు తల్లీ?" అంటూ వెనక్కి వెళ్లి లైటు విప్పాడు.

లోపల చూసి మళ్లీ నవ్వు మొదలుపెట్టాడు. ఆయుధపూజకు తాత తన చేత్తోనే కారుకు రంగు వేశాడు. భక్తి ఎక్కువై లైట్లు కూడా ఊడదీసి, అవి ఇనుముకు ఆనుకునే చోటు సైతం వదలకుండా రెండు పూతలు పూశాడు. బల్బుకు వచ్చిన కరెంటు తిరిగి బండి ఇనుములోకి పోవాలట. ఆ దారిని రంగు మూసేసరికి, పక్కలైటు గుండా దొంగదారి పట్టింది. కుప్పం తాత రెండు వైపులా ఆ చోట్లు కత్తితో గీకి, లైట్లు మళ్లీ బిగించాడు.

ఆ చప్పుడుకు తాత బయటికొచ్చాడు. రాలిపడిన రంగు చూసి ఇంతెత్తున లేచాడు. "వెలిగే లైటును యాల విప్పినావురా?" అని బావమరిదిని చెడామడా తిట్టాడు. నాకిచ్చిన మాట కోసం ఆ మనిషి నోరు మెదపలేదు. నాకు పడాల్సిన తిట్లు ఆయన తింటుంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

"అది వెలగలేదు తాతా. నువ్వు అరుస్తావని అబద్ధం చెప్పినా" అన్నాను.

తాత నా వైపు తిరిగి చూశాడు. వెళ్లి కార్లో కూర్చున్నాడు. "ఇప్పుడు సూడమ్మా, వెలిగిందా?" అన్నాడు. అంత మెత్తటి గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి. మర్నాడు మదనపల్లెలో బండి పాసైంది, అమ్మకం మాట మా నాయన మళ్లీ ఎత్తలేదు.

మా తాత గొంతు నాకే వచ్చిందని మా ఇంట్లో అందరూ అంటారు. నేను అడిగిందే తడవుగా నా పిల్లలు అంతా బాగుందని చెప్పేస్తే, నాకు సంతోషం కన్నా అనుమానం ముందు వస్తుంది. అబద్ధం వాళ్లదే కావచ్చు, అది చెప్పించిన గొంతు నాదే కదా అనిపిస్తుంది. అందుకే ఇంకోసారి అడుగుతాను, ఈసారి మెల్లగా.